యాంటీబయోటిక్‌ను ఓర్చుకునే కణాలు.. ఇంటర్వ్యూలో అడిగితే?

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్నారా? అయితే ఈ ప్రశ్న మీకే. ‘యాంటీబయోటిక్ వేశాక కూడా కొన్ని బ్యాక్టీరియా కణాలు బతికాయి. ఎందుకు?’ ‘రెసిస్టెన్స్ వచ్చింది కాబట్టి’ అని టక్కున అనేస్తే జవాబు సగమే. మిగతా సగం తెలుసుకుంటే ఇంటర్వ్యూకు పనికొస్తుంది, పరిశోధనకూ ఓ దారి దొరుకుతుంది.

పది లక్షల్లో ఒకటి

1944లో ఐర్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బిగ్గర్ స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ ప్రయోగించారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. సుమారు పది లక్షలకు ఒకటి చొప్పున మిగిలాయి. వాటిని మందు లేకుండా పెంచి, మళ్లీ పెన్సిలిన్ వేస్తే అదే కథ! పిల్ల కణాలు మందుకు మామూలుగానే లొంగాయి, ఏవో కొన్ని మాత్రం మిగిలాయి. అంటే వాటికి రెసిస్టెన్స్ రాలేదన్నమాట. ఈ మొండి కణాలకు ఆయన ‘పర్సిస్టర్లు’ అని పేరు పెట్టారు.

జన్యువులు ఒకటే.. నడత వేరు

ఒకే తల్లి కణం నుంచి పుట్టినా కణాలన్నీ ఒకేలా ఉండవు. ప్రొటీన్ల తయారీలో కొంత యాదృచ్ఛికత ఉంటుంది. ఒక కణంలో ఓ ప్రొటీన్ ఎక్కువ తయారైతే పక్క కణంలో తక్కువ అవుతుంది. 2002లో మైఖేల్ ఎలోవిట్జ్ బృందం రెండు రంగుల్లో మెరిసే ప్రొటీన్లతో ఈ.కొలిలో ఈ తేడాను కళ్లకు కట్టింది.

2004లో నథాలీ బాలబాన్ బృందం మరో అడుగు వేసింది. పర్సిస్టర్లు ఎక్కువగా పుట్టే ఈ.కొలి రకాన్ని సన్నని గాడుల్లో పెంచి, ఒక్కో కణాన్నీ మైక్రోస్కోప్‌తో చిత్రీకరించింది. ఆంపిసిలిన్‌ను తట్టుకున్నవేవో వెనక్కి తిప్పి చూస్తే, అవి మందు వేయకముందే పెరుగుదల దాదాపు ఆపేసినవని తేలింది. ఆంపిసిలిన్ కణగోడ నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది. గోడ కట్టే పనే ఆగిపోతే ఆ దెబ్బ తగలదు కదా!

వాన నమ్మకం లేని రైతు విత్తనాలన్నీ ఒకేరోజు చల్లేయడు. కొన్ని దాచుకుంటాడు. బ్యాక్టీరియా గుంపుకూ అలాంటి రక్షణే ఉంది. కాకపోతే అక్కడ ఆలోచించి చేసేవారెవరూ లేరు. పోషకాలు అందకపోవడం లాంటి ఒత్తిడి ఎదురైతే ఇలా నెమ్మదించే కణాలు ఇంకా పెరుగుతాయి.

ఆరు నెలల మందుల వెనక

మందులకు లొంగే క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స ఇస్తారు. కొన్ని వారాలకే దగ్గు తగ్గిపోతుంది. ‘నయమైపోయిందిలే’ అని మాత్రలు ఆపేస్తే, నెమ్మదిగా ఉన్న కణాలు మిగిలి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. చికిత్సలో వాడే పైరజినమైడ్ ప్రత్యేకత కూడా ఇలా మందకొడిగా ఉన్న వాటిపై పనిచేయడమే. ఇంకో ముప్పూ ఉంది. ఓర్చుకుని బతికిన కణాల నుంచి అసలైన రెసిస్టెన్స్ త్వరగా పుట్టగలదని 2017లో బాలబాన్ బృందమే ఈ.కొలిలో చూపించింది.

తేడా ఇలా చెప్పండి

* రెసిస్టెన్స్: మందు ఉన్నా కణాలు పెరుగుతాయి. పెరుగుదలను ఆపే కనీస మోతాదు, అంటే ఎంఐసీ ఎక్కువవుతుంది.
* టాలరెన్స్: ఎంఐసీ మారదు. గుంపు మొత్తం చావడానికి ఎక్కువ సమయం పడుతుంది.
* పర్సిస్టెన్స్: గుంపులో కొద్ది కణాలకే ఆ ఓర్పు ఉంటుంది. బతికిన కణాల గ్రాఫ్ మొదట వేగంగా పడిపోయి, తర్వాత నెమ్మదిగా దిగుతుంది.

ఎంఐసీ ఒక్కటే కొలిస్తే చివరి రెండూ కంటపడవు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే మీకు విషయం పట్టుబడినట్టే.

ప్రాజెక్టుగా చేయొచ్చు

పీజీ ప్రాజెక్టుకు ఇది చక్కటి అంశం. గైడ్ పర్యవేక్షణలో, హానిచేయని ల్యాబ్ రకం ఈ.కొలితో మొదలుపెట్టండి. చురుగ్గా పెరుగుతున్న కల్చర్‌కు ఎంఐసీకి చాలా రెట్లు ఎక్కువగా ఆంపిసిలిన్ కలపండి. గంట గంటకూ కొంత నమూనా తీసి, మందు కడిగేసి, ప్లేట్ల మీద కాలనీలు లెక్కించండి. మిగిలిన వాటిని మళ్లీ పెంచి అదే ప్రయోగం చేయండి. గ్రాఫ్ మళ్లీ అలాగే వస్తే పర్సిస్టర్లు దొరికినట్టే. గ్రాఫ్ మారి, ఎంఐసీ కూడా పెరిగితే రెసిస్టెన్స్‌ను అనుమానించండి. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఏం నేర్చుకోవాలి? ఎటు వెళ్లాలి?

కణాలను విడివిడిగా చూడాలంటే బయాలజీ ఒక్కటే సరిపోదు. ఫ్లోసైటోమెట్రీ, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపీల పని తీరు తెలియాలి. ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఇప్పుడే మొదలుపెట్టండి. పైథాన్ లేదా ఆర్, కాస్త స్టాటిస్టిక్స్ వస్తే మీ రెజ్యుమెకు బరువు పెరుగుతుంది. భౌతికశాస్త్రం, ఇంజినీరింగ్ వాళ్లకూ ఇక్కడ చోటుంది.

ఎమ్మెస్సీకి ఐఐటీ-జామ్, గాట్-బి రాయొచ్చు. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ప్రధాన మార్గం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థ, బెంగళూరులో ఐఐఎస్‌సీ వెబ్‌సైట్లు తరచూ చూస్తుండండి. ఔషధ సంస్థల మైక్రోబయాలజీ విభాగాల్లోనూ కాలనీలు కచ్చితంగా లెక్కించగలిగే చేతులకు పని ఉంటుంది. ముందుగా మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక గ్రాఫ్ గీసి చూడండి. రేపు ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత ఫలితం చేతిలో ఉంటుంది.