ఓడీటీ ఫైలు: తెరవడం, దిద్దడం, మార్చడం

కంప్యూటర్‌లో రాసిన ఉత్తరం, వ్యాసం, నవల వంటివాటిని ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌లో దాస్తే తయారయ్యేది ఓడీటీ ఫైలు. పేరు చివర చుక్క పక్కన ఓడీటీ అన్న మూడక్షరాల తోక ఉంటుంది. ఈ ఫార్మాట్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అక్షరాలు, పేరాలు, పట్టికలు, బొమ్మలు ఫైలులో ఏ పద్ధతిన ఉండాలో చెప్పే నియమాలన్నీ బహిరంగంగా అందుబాటులో ఉన్నాయి. వాటిని చదివి ఎవరైనా సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు, రుసుము కట్టనక్కర్లేదు. అందువల్ల రాసిన ప్రోగ్రామ్ మూలపడినా, రాసినది మరో ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుంది.

దీని మూలం జర్మనీలో ఉంది. అక్కడి స్టార్ డివిజన్ అనే సంస్థ తయారుచేసిన స్టార్ ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసి, మరుసటి ఏడాది దాని సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అలా ఓపెన్ ఆఫీస్ పుట్టింది. అది వాడుకున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిని పునాదిగా తీసుకుని ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ 2005 మేలో ఓపెన్ డాక్యుమెంట్ ప్రమాణాన్ని ఆమోదించింది. 2006లో అది ఐఎస్ఓ 26300 సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమైంది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి వెళ్లాక, ఓపెన్ ఆఫీస్ రూపకర్తల్లో చాలామంది విడిగా డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ఏర్పాటుచేసి లిబ్రె ఆఫీస్‌ను మొదలుపెట్టారు. ఇవాళ ఓడీటీతో పనిచేసేవారికి ప్రధాన సాధనం అదే. దిద్దుబాటు అవసరమయ్యే ప్రభుత్వ పత్రాలను ఈ ఫార్మాట్‌లోనే ఇచ్చిపుచ్చుకోవాలని బ్రిటన్ 2014లో నిర్ణయించింది. భారత ప్రభుత్వం కూడా 2010లోనే ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించింది.

ఓడీటీ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఫైలుకు నకలు తీసి, చివరి ఓడీటీ అన్న మాటను జిప్ అని మార్చి విప్పితే లోపల ఉన్నవన్నీ కనబడతాయి. మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు ఇది ఏ రకం పత్రమో చెబుతుంది. రాసిన మాటల్లో దాదాపు అన్నీ కంటెంట్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉంటాయి. శీర్షికలు, పేరాలు, అంచులు ఎలా ఉండాలో స్టైల్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ చెబుతుంది. రచయిత పేరు, తేదీలు మెటా.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉంటాయి. బొమ్మలకు పిక్చర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. కంటెంట్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, కోణాల కుండలీకరణాల మధ్య రాసుకున్న తెలుగు వాక్యం తెలుగు అక్షరాల్లోనే కనిపిస్తుంది. బయటివారికి ఫైలు పంపేముందు మెటా సంగతి గుర్తుంచుకోవడం మంచిది. పేజీల్లో ఎక్కడా లేని రాసినవారి పేరు అందులో ఉండిపోవచ్చు.

ఫైలు తెరవడం పెద్ద పనేం కాదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ లిబ్రె ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. మెనూలు తెలుగులో చూపే వీలు కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2007 వెర్షన్‌కు 2009లో వచ్చిన సర్వీస్ ప్యాక్ నుంచి ఓడీటీని తెరుస్తోంది, అందులో సేవ్ కూడా చేస్తోంది. గూగుల్ డాక్స్‌లోకి ఎక్కించి దిద్దవచ్చు, మళ్లీ ఓడీటీగానే దించుకోవచ్చు. మ్యాక్‌లోని టెక్స్ట్‌ఎడిట్ తేలికపాటి ఫైళ్లకు సరిపోతుంది. ఫోనులో దిద్దాలంటే కొలాబొరా ఆఫీస్ ఉంది.

తెలుగులో రాసేవారికి అసలు చిక్కు దిద్దేటప్పుడు ఎదురవుతుంది. లిబ్రె ఆఫీస్ ప్రతి స్టైల్‌కూ ఒకటి కాదు, విడివిడిగా ఫాంట్లు గుర్తుపెట్టుకుంటుంది: ఇంగ్లిష్ వంటి పాశ్చాత్య లిపులకు ఒకటి, చైనీస్, జపనీస్ వంటివాటికి ఒకటి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద వచ్చే లిపులకు ఇంకొకటి. ఒత్తులు, గుణింతాలు కలిసి రూపం మారే తెలుగు ఈ మూడో గుంపులోకి వస్తుంది. స్టైల్‌లో పాశ్చాత్య గడిలో మండలి ఫాంటు, 14 సైజు పెట్టి, ఈ మూడో గడిని వదిలేస్తే తెలుగు అక్షరం ఇసుమంతైనా కదలదు, ఇంగ్లిష్ మాటలే మారతాయి. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి, భాషగా తెలుగును ఎంచుకుంటే ఆ గడి అందుబాటులోకి వస్తుంది. ఫాంటు, సైజు, బొద్దుతనం అక్కడ పెట్టాలి. ఇదంతా పేరా పేరాకూ కాకుండా స్టైల్‌లో ఒక్కసారి పెట్టుకుంటే మూడొందల పేజీల పుస్తకమైనా ఒకే దెబ్బకు మారుతుంది. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ వాడితే విషయసూచిక కూడా దానంతట అదే తయారవుతుంది.

అక్షరదోషాలు పట్టే తెలుగు నిఘంటువు లిబ్రె ఆఫీస్‌తో పాటే వస్తుంది. దానిమీద పూర్తి భరోసా మాత్రం వద్దు. తెలుగులో ఒక్క ‘ఊరు’ ఊరికి, ఊళ్లో, ఊరినుంచి, ఊళ్లోనేమో అంటూ ఎన్నో రూపాలెత్తుతుంది. వీటన్నిటినీ ఏ పదజాబితా ఇముడ్చుకోలేదు కనుక సరైన మాటల కింద కూడా ఎర్రగీత పడుతుంది. అలాంటి మాటను కుడి క్లిక్‌తో నిఘంటువులో చేర్చుకోవచ్చు. అది సూచించిన మాటను చూడకుండా ఒప్పుకుంటే మాత్రం ఉన్న వాక్యమే పాడవుతుంది.

ఓడీటీని వర్డ్ వాడే డాక్స్‌గా మార్చడానికి సేవ్ యాజ్‌లో రకం ఎంచుకుంటే చాలు. అయితే ఈ రెండూ వేర్వేరు నియమాలతో నడిచే ఫార్మాట్లు. డాక్స్‌కు 2008లో విడిగా ఐఎస్ఓ 29500 ప్రమాణం వచ్చింది. అందుకే మార్పిడిలో మాటలు పోవు గానీ, అమరిక అక్కడక్కడా జారుతుంది. మాక్రోలు, స్మార్ట్ఆర్ట్ బొమ్మలు, పేజీలో తేలే పెట్టెలు, పట్టికలో పట్టికలు ముందుగా దెబ్బతినేవి. మార్పుల నమోదు, పక్కన రాసిన వ్యాఖ్యలు ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోవాలి. పేజీల సంఖ్య మారిపోవడానికి మాత్రం ఎక్కువసార్లు కారణం ఫార్మాట్ కాదు, ఫాంటు. పంపినవారి ఫాంటు అందుకున్నవారి కంప్యూటర్‌లో లేకపోతే మరొకటి వచ్చి కూర్చుంటుంది, పంక్తులన్నీ కదులుతాయి. ఇంగ్లిష్‌లో కాలిబ్రికి కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ సరిగ్గా అదే వెడల్పుతో ఉన్నాయి. తెలుగు ఫాంట్లకు అలాంటి జంటలు లేవు. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఫాంటును పత్రంలోనే పొదిగే ఏర్పాటు ఉంది. ఉచితంగా పంచుకోగల మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లకు దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

మూలప్రతిని ఎప్పుడూ ఓడీటీలోనే ఉంచి, ఎదుటివారికి పంపేటప్పుడే డాక్స్ నకలు తీయడం మేలైన పద్ధతి. ఒకే ఫైలు అటూ ఇటూ పదేపదే మారితే ప్రతి మార్పిడిలోనూ కొంత అమరిక కోల్పోతుంది.

చదవడానికో, అచ్చుకో అయితే పీడీఎఫ్ మేలు. లిబ్రె ఆఫీస్ ఎగుమతి పెట్టెలో హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒకటి ఉంది. దానికి టిక్ పెడితే పీడీఎఫ్ కడుపులో ఓడీటీ మూలం కూడా ఉంటుంది. అందరికీ మామూలు పీడీఎఫ్‌గానే కనిపించే ఆ ఫైలును లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోవచ్చు. మామూలు పీడీఎఫ్ నుంచి వెనక్కి రావడం తెలుగులో చాలా కష్టం. పీడీఎఫ్ ప్రధానంగా దాచేది అక్షరాల ఆకారాలనూ వాటి చోటునూ. కాపీ చేసి అతికిస్తే ఒత్తులు, గుణింతాలు తారుమారై వస్తాయి.

ఇంతకంటే కష్టమైన మార్పిడి పాత అను ఫాంట్ల ఫైళ్లది. తెలుగు డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు వాటితోనే తయారయ్యాయి. ఆ ఫైళ్లలో నిజంగా ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. వాటిమీద ఫాంటు తెలుగు రూపాలు తొడుగుతుంది. ఫాంటు తీసేస్తే అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. అలాంటి వర్డ్ ఫైలును ఓడీటీగా సేవ్ చేసినా ఆ గుర్తులే కొత్త మూటలోకి చేరతాయి. ముందు సంకేతాలను యూనికోడ్‌గా మార్చే సాధనంతో పాఠాన్ని మార్చి, ఆ తర్వాతే ఓడీటీలో పోయాలి. మధ్యలో నిజమైన ఇంగ్లిష్ మాటలుంటే సాధనం వాటినీ తెలుగనుకుని చెడగొడుతుంది కాబట్టి ముందే వేరుచేయాలి. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రె ఆఫీస్ డ్రా తెరవగలదు, కానీ లోపలి సంకేతాలు అవే. కవులూ పరిశోధకులూ రాసిన ఎన్నో పుస్తకాల మూలాలు ఇలాంటి ఫైళ్లలోనే ఉండిపోయాయి. వాటిని మార్చడం ఓపికతో చేయవలసిన పని, చేయదగ్గ పని కూడా. మార్చిన ప్రతి పేజీనీ పాత అచ్చుప్రతితో పోల్చి చదవడం తప్పదు.

ఫైళ్లు వందల్లో ఉంటే ఒక్కోటీ తెరవక్కర్లేదు. లిబ్రె ఆఫీస్‌ను తెర లేకుండా కమాండ్‌తో నడిపి ఒక ఫోల్డర్ మొత్తాన్ని పీడీఎఫ్‌గానో డాక్స్‌గానో మార్చవచ్చు. వెబ్ పేజీలు, ఈ-పుస్తకాలు తయారుచేసేవారు జాన్ మెక్‌ఫార్లేన్ రాసిన పాన్‌డాక్ వాడతారు. అది అమరికను పక్కనపెట్టి శీర్షిక, పేరా, అధోజ్ఞాపిక వంటి నిర్మాణాన్ని పట్టుకుంటుంది. స్టైల్స్ సరిగా వాడిన ఫైలు దానికి బాగా అర్థమవుతుంది.

ఓడీటీ దెబ్బతింటే లిబ్రె ఆఫీస్ తానే బాగుచేయనా అని అడుగుతుంది. అప్పటికీ తెరుచుకోకపోతే నకలును జిప్‌గా విప్పి కంటెంట్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను బయటికి తీయవచ్చు. అమరిక పోయినా మాటలు దక్కుతాయి. దిద్ది మళ్లీ మూటకట్టాలంటే మైమ్‌టైప్ ఫైలు మూటలో అన్నిటికంటే ముందు, కుదించకుండా ఉండాలన్నది ప్రమాణం చెప్పే నియమం. పాస్‌వర్డ్ పెట్టిన ఫైలులో మాత్రం కంటెంట్.ఎక్స్‌ఎమ్‌ఎల్ గుప్తీకరించి ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే ఫైలును విప్పినా చదవగలిగేదేమీ ఉండదు.