పట్టేసిన థర్మోస్టాట్: తీసిపారేయడం కాదు, మార్చడమే మార్గం

కారు ఇంజిన్‌లో మండే పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడిపే పనికి వస్తుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతోపాటు బయటికి పోగా, దాదాపు అంతే వేడి ఇంజిన్ లోహంలోకి చేరుతుంది. ఈ చివరి భాగాన్ని నీటిలోకి లాగి, ఆ నీటిని రేడియేటర్‌కు పంపి, సన్నని గొట్టాల మీదుగా వీచే గాలికి వదిలివేయడం శీతలీకరణ వ్యవస్థ పని. అయితే ఇంజిన్ మరీ చల్లగా ఉన్నా దానికి హాని జరుగుతుంది కనుక, దాన్ని తొందరగా తగిన వేడికి తెచ్చి ఆ స్థాయిలోనే నిలపవలసిన బాధ్యత కూడా ఈ వ్యవస్థదే. చాలామంది కారు యజమానులు కంటితో కూడా చూడని థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఆ బాధ్యతను మోస్తుంది.

1983 చివర రోడ్డెక్కి 2014 ఆరంభం వరకు తయారైన మారుతి 800ను ఉదాహరణగా తీసుకుంటే, దాని 796 సీసీ ఇంజిన్‌లో వాడే థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల సెల్సియస్ వద్ద తెరుచుకోవడం మొదలుపెడుతుంది. కవాటం మధ్యనున్న చిన్న లోహపు గిన్నెలో ప్రత్యేకమైన మైనం ఉంటుంది. నీరు వేడెక్కినప్పుడు ఆ మైనం కరిగి, ఉబ్బి, లోపలి కడ్డీని నెట్టడంతో కవాటం తెరుచుకుని నీటికి రేడియేటర్ దారి దొరుకుతుంది. నీరు చల్లబడినప్పుడు మైనం కుంచించుకుపోగా, స్ప్రింగు కవాటాన్ని తిరిగి మూసివేస్తుంది. విద్యుత్తు గాని, డ్రైవర్ ప్రమేయం గాని అవసరం లేని ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కాని కూలెంట్‌కు బదులు ఉప్పు నీరు, బోరు నీరు పోసిన బండ్లలో తుప్పు, సున్నపు పొర పేరుకుని కవాటం పట్టేసే ప్రమాదం ఉంటుంది.

పట్టేయడం రెండు విధాలు. కవాటం మూసుకుపోయిన స్థితిలో ఆగిపోతే వేడి నీరు ఇంజిన్‌లోనే తిరుగుతూ, బయలుదేరిన కాసేపటికే టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకుతుంది; ఇంజిన్ మరుగుతున్నా రేడియేటర్ అడుగు మాత్రం చల్లగానే ఉంటుంది. ఆ స్థితిలో బండి నడిపితే సిలిండర్లకు, వాటి మీది హెడ్డుకు మధ్యనుండే హెడ్ గ్యాస్కెట్ కాలిపోవచ్చు, అల్యూమినియం హెడ్డు వంగిపోవచ్చు. తెరుచుకున్న స్థితిలో పట్టేస్తే ముప్పు నెమ్మదిగా వస్తుంది: ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది, సరిగా మండని పెట్రోలు, తేమ ఆయిల్‌లో కలిసి దాన్ని చిక్కని మడ్డిగా మారుస్తాయి.

ఎండలు మండే మన ప్రాంతంలో థర్మోస్టాట్ అనవసరమన్న నమ్మకంతో, అది చెడిపోగానే తీసిపారేసి ఖాళీ గూడును బిగించే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఈ నమ్మకం నిలవదు. రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 డిగ్రీలు దాటినా, అది 82 డిగ్రీలకు చాలా దిగువనే ఉంటుంది కనుక ఇంజిన్‌ను తగిన వేడికి చేర్చవలసిన అవసరం వేసవిలోనూ తప్పదు. ఆ పైన వేడి పెరిగితే మంచి థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటుంది గనుక నీటికి అడ్డేమీ ఉండదు. పైగా కొన్ని మోడళ్లలో రేడియేటర్ దారిని తెరిచే కవాటమే పక్కదారిని మూస్తుంది. అటువంటి చోట థర్మోస్టాట్‌ను తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజిన్‌లోకి చేరి, తగ్గుతుందనుకున్న వేడి పెరిగే అవకాశం ఉంది.

మార్చే పని కష్టమైనది కాకపోయినా ఓపిక కోరుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టకూడదు. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండి, మూత తీయగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కూలెంట్‌ను పాత్రలోకి దించాలి. ఇందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కనుక, కుక్కలు, పశువులు తాగే చోట దాన్ని పారబోయకూడదు. రేడియేటర్ పై హోస్ పైపు ఇంజిన్‌ను కలిసే చోటనే ఎక్కువ పాత కార్లలో థర్మోస్టాట్ గూడు ఉంటుంది. దాని బోల్టులు తుప్పు పట్టి ఉంటే బలవంతంగా తిప్పి విరగగొట్టకుండా, తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగాలి. పాత గ్యాస్కెట్ ముక్కలను గీకేటప్పుడు అవి లోపల పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కి, పని ముగిశాక దాన్ని మరవకుండా తీయాలి. కొత్త థర్మోస్టాట్‌లో మైనపు గిన్నె, స్ప్రింగు ఇంజిన్ వైపు ఉండాలి. గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటే అది పైకి రావాలి. కొత్త గ్యాస్కెట్ పెట్టి బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే గూడు పగలదు, నీరు కారదు.

కూలెంట్ నింపాక, బండిలో హీటరు ఉంటే దాన్ని తెరిచి, రేడియేటర్ మూత తీసే ఉంచి ఇంజిన్‌ను నడిపితే లోపల చిక్కిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది. తగ్గిన మేరకు మళ్లీ పోసి, బుడగలు ఆగాక మూత బిగించాలి. మొదట చల్లగా ఉన్న పై పైపు కొంతసేపటికి ఒక్కసారిగా వేడెక్కితే కవాటం తెరుచుకున్నట్టే. కొత్తదాన్ని బిగించే ముందే పరీక్షించాలనుకుంటే, నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటరు ఉంచి వేడిచేస్తే, అది తన మీద ముద్రించిన అంకె దగ్గర తెరుచుకుంటుందో లేదో కంటితోనే చూడవచ్చు.

పాత కారును నిలుపుకోదలచిన కుటుంబానికి థర్మోస్టాట్ ధర హెడ్డు మరమ్మతు ఖర్చులో చిన్న భాగం మాత్రమే. అందుకే మెకానిక్ ఆ భాగాన్ని తీసేస్తానన్నప్పుడు దాని స్థానంలో అదే డిగ్రీల కొత్తదాన్ని వేయమని అడగడం యజమాని హక్కు, ఇంజిన్ ఆయుష్షుకు అవసరం కూడా.