ఊటీలో పుట్టాడు... ఇంగ్లండును ఊపేశాడు!

ఊటీ అనగానే మన సినిమావాళ్లకు గుర్తొచ్చేది ఏమిటి? పచ్చని కొండలు, పొగమంచు, శాలువా కప్పుకున్న హీరోయిన్, చెట్టు చాటున హీరో! ఆ కొండల మీద ఎన్ని డ్యూయెట్లు తీశారో లెక్కే లేదు. అదే ఊటీలో 1955 మే 22న ఓ ఇంగ్లీషు పాస్టరుగారింట పుట్టిన పిల్లవాడు పాతికేళ్లు దాటీ దాటకముందే ఇంగ్లండులోని కుర్రకారునంతా తన బాణీల మీద ఆడించాడంటే నమ్ముతారా?

నమ్మక తప్పదు. అతని పేరు జెర్రీ డామర్స్. ‘ది స్పెషల్స్’ అనే బ్యాండుకు కీబోర్డు ప్లేయరు. ఆ బ్యాండు పుట్టుకకూ, ఒక రకంగా ఆ బ్యాండు ముక్కలవడానికీ కూడా అతనే కారణం.

అతని సంగతి నాకెలా తెలిసిందంటారా? కాలేజీ రోజుల్లో మేం ఐదుగురం కలిసి ఓ ఆర్కెస్ట్రా పెట్టాం. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు... ఏదైనా సరే. నాది కీబోర్డు. మైకు ముందు పాడేవాడికి ఈలలు, చప్పట్లు. వెనకాల మూల నిలబడ్డ నాకు చివర్లో వైర్లు చుట్టే పని! ఆ రోజుల్లో ఓ సీనియర్ ఇచ్చిన పాటల్లో ‘ఘోస్ట్ టౌన్’ ఒకటి. వినగానే ఒళ్లు జలదరించింది. పాడినవాడి కంటే వెనక ఆర్గన్ వాయించినవాడెవడో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలైంది నా వెతుకులాట.

పాస్టరుగారి అబ్బాయి

తండ్రి హొరేస్ డామర్స్ ఆంగ్లికన్ మతగురువు. ఆ తర్వాత బ్రిస్టల్ కెథడ్రల్‌కు డీన్ అయినాయన. జెర్రీకి రెండేళ్లు వచ్చేసరికి కుటుంబం ఇంగ్లండు తిరిగి వెళ్లిపోయింది. కుర్రాడు పెరిగింది కోవెంట్రీలో. కార్ల ఫ్యాక్టరీల ఊరది. జమైకా నుంచీ, పంజాబు నుంచీ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు తెల్లవాళ్ల పక్కనే కాపురాలుండే ఊరు.

పాస్టరుగారి అబ్బాయి బుద్ధిగా ప్రార్థన గీతాలు వాయించుకుంటూ కూర్చోలేదు లెండి! ముందుపళ్లు లేని ఆ నవ్వే అతని ట్రేడ్‌మార్కు. లాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో ఆర్టు చదువుతుండగా బాసు గిటారు వాయించే హొరేస్ పాంటర్ దొరికాడు. తండ్రి పేరే స్నేహితుడిదీ! 1977లో ఇద్దరూ మరికొందరితో కలిసి బ్యాండు కట్టారు. 1978లో ఆ రోజుల్లో పేరు మోగిపోతున్న ‘ది క్లాష్’ బ్యాండు టూరులో, అసలు ప్రోగ్రాముకు ముందు వాయించే ఛాన్సు తగిలింది.

ఏమిటీ ‘స్కా’?

ఇక్కడ ఓ చిన్న పాఠం. స్కా అనేది 1950ల చివర్లో జమైకాలో పుట్టిన సంగీతం. రెగ్గేకి పెద్దన్నయ్య అనుకోండి. మీరు ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడుతూ కాలు వేయండి. మామూలు పాటలో దెబ్బ కాలితోపాటే పడుతుంది. స్కాలో గిటారు, ఆర్గన్ దెబ్బలు రెండు అడుగుల మధ్య ఖాళీలో పడతాయి. అందుకే వింటున్నవాడికి తెలియకుండానే మోకాళ్లు ఆడతాయి!

జమైకావాళ్లతోపాటు ఈ సంగీతమూ బ్రిటన్ చేరింది. డామర్స్ దానికి తెల్ల కుర్రాళ్ల పంక్ రాక్‌లోని కోపాన్ని కలిపాడు. కలపడం వెనక ఓ లెక్కుంది. అప్పట్లో నల్లవాళ్లనూ, మన ఆసియావాళ్లనూ దేశం నుంచి తరిమేయాలని నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ వీధుల్లో ఊరేగింపులు తీస్తోంది. ఆ మాటలు కుర్రాళ్ల తలకెక్కుతున్నాయి. ఉపన్యాసం ఇస్తే వింటారా? వినరు. నల్లవాడూ తెల్లవాడూ ఒకే తాళానికి పక్కపక్కన గెంతితే? అదే అతని ఆలోచన.

బ్యాండులో ఏడుగురు. పాట టెర్రీ హాల్, నెవిల్ స్టేపుల్. గిటార్లు లిన్వల్ గోల్డింగ్, రాడీ బయర్స్. బాసు పాంటర్, డ్రమ్స్ జాన్ బ్రాడ్‌బరీ, కీబోర్డు డామర్స్. వీరిలో నెవిల్, లిన్వల్ జమైకాలో పుట్టినవాళ్లు.

నలుపూ తెలుపూ

1979లో ‘టూ టోన్’ అనే సొంత రికార్డు లేబుల్ పెట్టాడు డామర్స్. పేరులోనే ఉంది కదా, రెండు రంగులని! నలుపు తెలుపు గళ్లు, నల్ల సూటు, తెల్ల చొక్కా, సన్నటి టై, టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషి. జమైకా గాయకుడు పీటర్ టోష్ పాత ఫొటో చూసి గీసిన ఆ బొమ్మ బ్రిటన్‌లో ప్రతి స్కూలు పిల్లవాడి సంచి మీదా కనిపించేదట.

మొదటి రికార్డు ‘గ్యాంగ్‌స్టర్స్’ ఆరో స్థానానికి ఎగబాకింది. ‘మ్యాడ్‌నెస్’, ‘ది సెలెక్టర్’, ‘ది బీట్’ బ్యాండ్లకు తొలి అవకాశం ఇచ్చింది టూ టోనే. 1980 మొదట్లో స్పెషల్స్ రికార్డు ‘టూ మచ్ టూ యంగ్’ నంబర్ వన్!

మరి అంతా పూలబాటేనా? కాదు. కచేరీల్లో తన్నులాటలు. 1980లో కేంబ్రిడ్జ్‌లో జనం కొట్టుకుంటుంటే ఆపబోయిన డామర్స్‌నూ టెర్రీ హాల్‌నూ పోలీసులు పట్టుకెళ్లారు. మనిషికి 400 పౌండ్ల జరిమానా పడింది! అదే ఏడాది లిన్వల్ గోల్డింగ్‌ను లండన్‌లో కొందరు రంగు చూసి చితకబాదారు.

నంబర్ వన్ అయిన వేళ...

టూర్లలో ఊరూరా తిరుగుతూ డామర్స్ ఒకటి గమనించాడు. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. దుకాణాలకు తాళాలు. గ్లాస్గోలో ముసలమ్మలు ఇంట్లో సామాన్లు వీధిలో పెట్టి అమ్ముకోవడం చూశాడు. ఆ దిగులంతా ‘ఘోస్ట్ టౌన్’ అయింది.

దీన్ని పెద్ద స్టూడియోలో తీశారనుకుంటున్నారేమో! లెమింగ్టన్ అనే ఊళ్లో, ఎనిమిది ట్రాకులు మాత్రమే ఉన్న చిన్న గదిలో రికార్డు చేశారు. డామర్స్ ఆర్గన్ మీద వాడిన స్వరాలు ఎక్కడా కుదురుగా నిలవవు. ఖాళీ ఇంట్లో తలుపు కిర్రుమన్నట్టుంటాయి. దానికి తోడు జమైకా నుంచి వచ్చిన పెద్దాయన రీకో రోడ్రిగెజ్ ట్రాంబోన్.

పాట బాగుంది, మనుషులే బాగాలేరు. ఎవరు ఏ స్వరం వాయించాలో ముందే రాసుకొచ్చి అలాగే వాయించమంటాడు డామర్స్. మేమేమన్నా నీ జీతగాళ్లమా అన్నట్టు మిగతావాళ్లు. గదిలో తలో మూల నిలబడి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా రిహార్సల్ చేసేవారనీ, డామర్స్ ఒకటి రెండుసార్లు దాదాపు ఏడుస్తూ బయటికి వెళ్లిపోయాడనీ పాంటర్ తర్వాత చెప్పాడు.

1981 ఏప్రిల్‌లో కోవెంట్రీ నడిబొడ్డున పంజాబీ కుటుంబానికి చెందిన ఓ విద్యార్థిని పొడిచి చంపేశారు. జూన్‌లో స్పెషల్స్ సొంత ఊళ్లో జాతుల ఐక్యత కోసం కచేరీ ఇచ్చింది. అదే రోజు అదే ఊళ్లో నేషనల్ ఫ్రంట్ ఊరేగింపు! జులైలో సౌత్‌హాల్, లివర్‌పూల్, మాంచెస్టర్... ఊరి తర్వాత ఊరు అల్లర్లతో తగలబడ్డాయి. సరిగ్గా ఆ వారాల్లోనే ‘ఘోస్ట్ టౌన్’ మూడు వారాలపాటు నంబర్ వన్‌గా నిలిచింది. పాట ముందే చెప్పిందన్నారు జనం.

ఆ విజయం మధ్యలో, టీవీ షో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ డ్రెస్సింగ్ రూములో టెర్రీ, నెవిల్, లిన్వల్ ముగ్గురూ డామర్స్ దగ్గరకొచ్చి ఒక్క మాట చెప్పారు: మేం వెళ్లిపోతున్నాం!

జైల్లో ఉన్న పెద్దాయన కోసం

మరొకడైతే అక్కడితో సరి. డామర్స్ మిగిలినవాళ్లతో, కొత్తవాళ్లతో ‘ది స్పెషల్ ఏకేఏ’ పేరుతో మళ్లీ మొదలెట్టాడు. ఒక్క ఆల్బం తీయడానికి ఏళ్లు పట్టింది. ఖర్చు తడిసి మోపెడయింది. అయితే అందులోంచే ఓ ఆణిముత్యం వచ్చింది.

1983లో లండన్‌లో దక్షిణాఫ్రికా నాయకుడు నెల్సన్ మండేలా 65వ పుట్టినరోజు కచేరీకి వెళ్లాడు డామర్స్. మండేలా గురించి వివరంగా తెలుసుకున్నది అక్కడే! 1984లో వచ్చిన ‘నెల్సన్ మండేలా’ పాట తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. విషయం చూస్తే విషాదం, బాణీ మాత్రం పండగ. డామర్స్ మందు ఎప్పుడూ అదే. చేదు గుళికకు చక్కెర పూత!

పాటతో ఆగలేదు. వర్ణవివక్షకు వ్యతిరేకంగా కళాకారులను కూడగట్టాడు. 1986లో లండన్ క్లాఫమ్ కామన్ మైదానంలో ఉచిత కచేరీకి దాదాపు రెండున్నర లక్షల మంది వచ్చారు. 1988 జూన్ 11న వెంబ్లీలో మండేలా 70వ పుట్టినరోజు సంబరం ఎన్నో దేశాల టీవీల్లో ప్రసారమైంది. 1990 ఫిబ్రవరిలో ఆయన విడుదలయ్యారు. ఏప్రిల్‌లో అదే వెంబ్లీ వేదిక మీద స్వయంగా నిలబడ్డారు. 2014లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం డామర్స్‌ను జాతీయ పురస్కారంతో గౌరవించింది.

ఆఖరి చరణం

2008లో స్పెషల్స్ మళ్లీ కలిశారు... డామర్స్ లేకుండా! తనను కావాలనే పక్కన పెట్టారన్నాడతను. మిగతావాళ్లు కాదన్నారు. 2019లో వాళ్ల ఆల్బం ‘ఎన్‌కోర్’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అందులోనూ అతను లేడు. అతను తన పద్ధతిలో ‘స్పేషియల్ ఏకేఏ ఆర్కెస్ట్రా’ పేరుతో జాజ్ వైపు మళ్లాడు. 2015లో బ్రాడ్‌బరీ, 2022లో టెర్రీ హాల్ కన్నుమూశారు. ఆ ఏడుగురూ ఒకే వేదిక మీద నిలబడే రోజు ఇక రాదు.

నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేలమందిని పక్కపక్కన నిలబెట్టి ఆడించినవాడు, ఒక గదిలో ఆరుగురిని తనతో ఉంచుకోలేకపోయాడు. తప్పెవరిదని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఒకటి మాత్రం నాకు తెలుసు. ప్రతి స్వరం తను అనుకున్నట్టే రావాలన్న ఆ పట్టుదల లేకపోతే ‘ఘోస్ట్ టౌన్’ పుట్టేది కాదు. ఆ పట్టుదలే బ్యాండునూ మింగింది.

అన్నట్టు, మా ఆర్కెస్ట్రా సంగతి చెప్పలేదు కదూ? ఓ పెళ్లి కచేరీలో ఏ పాట ముందు పాడాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అక్కడితో సరి. మేం నంబర్ వన్ అయ్యిందీ లేదు, దేశాన్ని కదిలించిందీ లేదు. అయినా ఈ వ్యాసం రాస్తూ మా సింగర్ నంబరు ఫోన్లో ఉందో లేదో వెతుక్కున్నాను. ఉంది. ముందు నేనే చేస్తాను.