గడులను లెక్కించి కట్టుట: ఫోర్ట్రాన్ భాషలో ఒక ఉపాయము

బరంపురము పట్టుచీరలకు పేరెన్నిక గన్నది. నేతగాడు మగ్గము నెక్కక మునుపే చీర పన్నాకు ఎన్ని పోగులు కావలయునో లెక్కించి పడుగు సిద్ధపరచును. కంప్యూటరుచే పట్టికలు వ్రాయించువారికిని ఇట్టి ముందుచూపు అవసరము.

1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందము వెలువరించిన ఫోర్ట్రాన్ భాష నేటికిని శాస్త్రగణనములందు వాడుకలో నున్నది. ఫలితములు ఏ తీరున అచ్చుపడవలెనో తెలుపు సూత్రమునకు అందు ‘ఫార్మాట్’ అని పేరు. ‘(5ఐ4)’ అనగా నాలుగేసి స్థానముల వెడల్పు గల పూర్ణాంకపు గడులు అయిదు అని యర్థము.

విద్యార్థులారా! ఒక తరగతికి పాఠ్యాంశములు అయిదనియు, మరియొక తరగతికి ఒడియాతో గూడ ఆరనియు అనుకొందము. మొదటి గడి తెలుగునది. రెండవ తరగతికిని పై సూత్రమునే వాడినచో, ఆరవదియగు ఒడియా మార్కు క్రింది వరుసకు దిగి తెలుగు గడిలో నిలుచును. యంత్రము తప్పని చెప్పదు. తెలుగు, ఒడియాలు రెండును చదువు మన ఖల్లికోట ప్రాంతపు బాలునికి ఇది చిన్న పొరపాటు కాదు.

దీనికి ఉపాయ మేమి? ఫార్మాట్ కూడ అక్షరముల వరుసయే కదా! కనుక దానిని ప్రోగ్రాముచేతనే కట్టింపవచ్చును. 1978లో ఆమోదింపబడిన ఫోర్ట్రాన్ 77 ప్రమాణము ఇందుకు సులభమార్గము చూపినది. మొదట పాఠ్యాంశముల సంఖ్యను లెక్కింపవలెను. పిమ్మట ఎడమ కుండలీకరణము, ఆ సంఖ్య, ‘ఐ4’, కుడి కుండలీకరణము అను వానిని కాగితముపై గాక ఒక అక్షర చలరాశిలోనికి వ్రాయింపవలెను. సంఖ్య 6 అయినచో ‘(6ఐ4)’, 8 అయినచో ‘(8ఐ4)’ ఏర్పడును. తుదకు ఆ చలరాశినే ఫార్మాట్‌గా వాడి మార్కుల నచ్చొత్తింపవలెను.

రెండు జాగ్రత్తలు కలవు. ‘(12ఐ4)’కు ఆరు అక్షరములు పట్టును, చలరాశి అంతకు చిన్నదైనచో దోషము కలుగును. గడి వెడల్పును గూడ చూచుకొనవలెను. దానిని 2గా నుంచినచో, నూటికి నూరు తెచ్చుకొన్న బాలిక పేరున కెదుట మార్కునకు బదులు రెండు నక్షత్రపు గుర్తులే అచ్చుపడును!

ఫోర్ట్రాన్ 2008 ప్రమాణము ననుసరించి గడుల సంఖ్యకు బదులు ‘*(ఐ4)’ అని వ్రాసినను చాలును. వెడల్పు భారము మాత్రము మనదే. యంత్రము చెప్పినట్లు చేయును. చెప్పవలసినది తెలిసి చెప్పుట మన విధి.