కారులో చల్లగాలి ఆగినప్పుడు

వేసవిలో అప్పనపల్లి బాలబాలాజీ స్వామివారి దర్శనమునకు వచ్చు కార్లు వైనతేయ గోదావరి తీరమున, కొబ్బరిచెట్ల నీడ వెదకికొని నిలుచుచుండును. తిరుగు ప్రయాణమునకు ఇంజను వేయగానే వానిలో కొన్ని కీచుమని అరచును. కొన్ని అరవవు గాని, చల్లగాలికి మారుగా వేడిగాలి వదలును. అట్టి సమయమున "కంప్రెసరు పోయినది, మార్చవలెను" అను మాట సులభముగా వినవచ్చును. అది వేల రూపాయల మాట. దానికి తల యూపుటకు ముందు చెవితో చేయదగిన పరీక్షలను గూర్చి మేమిక్కడ మనవి చేయుచున్నాము.

పిండిమరను చూచినవారికి ఈ యంత్రము క్రొత్త కాదు. అచ్చట మోటారునకును మరకును నడుమ బెల్టు ఉన్నట్లే, కారులో ఇంజనుకును కంప్రెసరునకును నడుమ ఒక బెల్టు తిరుగుచుండును. కంప్రెసరు గ్యాసును గట్టిగా అదిమి ముందున్న కండెన్సరునకు పంపును. అచ్చట అది వేడిని విడిచి ద్రవమగును. లోపలి గొట్టములలో మరల ఆవిరియగుచు, కారులోని వేడిని గ్రహించును.

బెల్టు ఎల్లప్పుడు తిరుగుచున్నను కంప్రెసరు ఎల్లప్పుడు పనిచేయదు. పుల్లీకి ముందు విద్యుదయస్కాంతపు క్లచ్చి ఉన్నది. ఏ.సీ. మీట నొక్కగానే 'టక్'మని పళ్లెము పుల్లీకి అంటుకొనును. ఆపగానే పుల్లీ వట్టిగా తిరుగును. 1939లో అమెరికాలో ప్యాకర్డు కంపెనీ కార్లలో అమర్చిన శీతల యంత్రమునకు ఈ సదుపాయము లేదు. చల్లదనము వలదన్నచో ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయవలసి వచ్చెడిది! (నేటి కొన్ని కార్లలోను క్లచ్చి లేదు, విద్యుత్తు కార్లలో బెల్టే లేదు. ఈ పరీక్షలు వానికి వర్తింపవు.)

బానెట్టు ఎత్తి, కండువా, చీరకొంగు, చేతులు దూరముగా నుంచి వినవలెను. ఏ.సీ. ఆపియున్నప్పుడును గరగర ధ్వని వచ్చుచున్నచో, పుల్లీ బేరింగునో, బెల్టును బిగించు చక్రమునో అనుమానింపవచ్చును. ఏ.సీ. వేసినప్పుడే ధ్వని వచ్చినచో దోషము క్లచ్చిలోనో, కంప్రెసరు లోపలనో ఉండును. ఈ భేదమే ముఖ్యము. లోపల బిగిసిన కంప్రెసరైనచో, ఏ.సీ. ఆపినంతనే పుల్లీ వదులై తిరుగును. చెమటలు పట్టినను ఇల్లు చేరవచ్చును. కాని బేరింగు చెడినచో ఏ.సీ. ఆపి ప్రయోజనము లేదు, పుల్లీ తిరుగుచునే యుండును గనుక. అది బిగిసినచో బెల్టు తెగును. అనేక కార్లలో ఆ బెల్టే బ్యాటరీని నింపు ఆల్టర్నేటరును, కొన్నింటిలో నీటిపంపును కూడ త్రిప్పును. నీటిపంపు ఆగిన కారును నడిపినచో కొద్దిసేపటిలోనే ఇంజను కాగిపోవును. అట్టి కారుతో రాత్రివేళ బయలుదేరరాదు. బేరింగు మాత్రము మార్చుట పెద్ద ఖర్చు కాదు. చాల కార్లలో గ్యాసు గొట్టములు విప్పకయే మార్చవచ్చును.

తేమగల కోనసీమ ఉదయములలో బెల్టు క్షణకాలము కీచుమనుట వింత కాదు. ధ్వని నిలిచియున్నచో మెకానిక్కు బెల్టు పళ్లపై కొద్దిగా నీరు చిమ్మి చూచును: ధ్వని తగ్గి మరల వచ్చినచో పుల్లీలు ఒకే వరుసలో లేవని, పెరిగినచో బెల్టు వదులైనదని గుర్తు. సబ్బు, నూనె, గ్రీజు రాయుట మాత్రము కూడదు. నేటి బెల్టులు పగుళ్లు లేకయే అరిగిపోవును గనుక, పైకి నున్నగా నున్నదని నమ్మరాదు.

టక్కుమను చప్పుడే లేదా? ముందుగా ఫ్యూజు, రిలే చూడవలెను. గ్యాసు తగ్గినను కంప్రెసరును కాపాడుటకై ఒక స్విచ్చి దానిని నడువనీయదు. "గ్యాసు అయిపోయినది" అనుట సరికాదు. అది పెట్రోలువలె ఖర్చగునది కాదు, కారిపోవునది. సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియము కండెన్సరును తినివేయును. కారినచోట నూనె మరక కనబడును. కంప్రెసరునకు కావలసిన నూనె ఆ గ్యాసుతోనే తిరుగును గనుక, కారుడు మాన్పక గ్యాసు నింపించుచున్నచో తుదకు కంప్రెసరే అరిగిపోవును.

నిజముగా కంప్రెసరు లోపల చెడినచో లోహపు రజను గొట్టములలో వ్యాపించును. గొట్టములు కడిగి, తేమను పీల్చు డ్రయ్యరును మార్చనిచో క్రొత్త కంప్రెసరును ఆ రజనే చెరుపును. బిల్లులో ఈ రెండు పనులును ఉన్నవో లేవో చూచి, పాత కంప్రెసరు నూనెను తెల్లని కాగితముపై పోయించి, రజను మెరయుచున్నదేమో అడిగి చూడవలెను.