ఇంటిలోని ఫ్రిజ్జు – ఆహారపదార్థముల భద్రత

పూర్వము మన యిండ్లలో పాలు, పెరుగు ఉట్టిమీదను, కూరగాయలు తడిగుడ్డ క్రిందను ఉండెడివి. నేడు పెక్కు యిండ్లలో ఆ పనిని ఫ్రిజ్జు చేయుచున్నది. అయితే ఫ్రిజ్జులో పెట్టినది చెడిపోదను నమ్మకము మనలో చాలమందికి గలదు. ఈ నమ్మకమే అనర్థములకు మూలము. చలువ క్రిములను చంపదు. వాని వృద్ధిని మందగింపజేయును, అంతియే. మంచిస్థితిలో లోపల పెట్టినది కొన్ని దినములు మంచిగా నుండును. అప్పటికే చెడనారంభించినది లోపల పెట్టినను బాగుపడదు. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కిన నియమములన్నియు తేలికగా బోధపడును.

ఫ్రిజ్జు లోపల 4 డిగ్రీల సెంటీగ్రేడునకు మించకుండ చూచుకొనవలెను. ఫ్రీజరులో సున్నకు దిగువ 18 డిగ్రీలుండుట మంచిది. త్రిప్పెడి మీటపై నుండు అంకెలు డిగ్రీలు కావు. చిన్న థర్మామీటరు నొకదానిని లోపల నుంచినచో నిజము తెలియును.

వండిన పదార్థములను రెండు గంటలకు మించి బయట నుంచరాదు. ఎండ 32 డిగ్రీలు దాటు దినములలో ఒక గంటయే గడువు. అన్నము విషయమున మఱింత జాగ్రత్త కావలెను. బియ్యములో నుండదగిన ‘బాసిల్లస్ సీరియస్’ అను క్రిమియొక్క బీజములు వంటవేడికి చావవు. అన్నము బయట నిలువయుండగా అవి వృద్ధిపొంది విషమును పుట్టింపగలవు. ఆ విషము మరల వేడిచేసినను పోదు. మధ్యాహ్నపు టన్నమును రాత్రి పడుకొనబోవునపుడు ఫ్రిజ్జులో పెట్టుట మన యిండ్లలో సామాన్యమైన పొరపాటు. అట్లుగాక, భోజనములు కాగానే మిగిలినదానిని వెడల్పైన పళ్లెములో పలుచగా పఱచి, ఆవిరి తగ్గిన వెంటనే మూతపెట్టి లోపల నుంచి, మఱునాటికి ముగింపవలెను. పప్పు, కూరలు మూడు దినములకు మించి యుంచకుండుట మేలు. కావలసినంత మాత్రమే తీసి, పొగలు వచ్చువఱకు కాచి వడ్డింపుడు.

ఏ వస్తువు ఎక్కడ నుండవలెనో తెలిసికొనుటయు ముఖ్యమే. పచ్చి మాంసము, చేపలు మూతగల పాత్రలో అడుగు అఱయందే యుంచవలెను. పై నున్నచో వాని నీరు వండిన పదార్థములలో పడును. తలుపు అఱలకు బయటి వేడి తఱచు తగులును గావున పాలు అక్కడ పెట్టరాదు. ఆకుకూరలను వేళ్లు, పండుటాకులు తీసివేసి, తడి లేకుండ గుడ్డసంచిలో నుంచుడు. బంగాళాదుంపలు మిక్కిలి చలువలో తీపెక్కును. ఉల్లి, వెల్లుల్లి గాలియాడు బుట్టలోనే బాగుండును. ఆవకాయకు ఉప్పు, కారము, నూనెయే రక్ష. దానికొఱకు ఫ్రిజ్జులో చోటు వ్యర్థము చేయనక్కఱలేదు.

ఇక విద్యుత్తు ఖర్చు. ఫ్రిజ్జును పొయ్యికిని, ఎండకును దూరముగా, గోడకు ఎడముగా నుంచవలెను. లోపల గిన్నెల నడుమ చలిగాలి ఆడుటకు సందుండవలెను. తలుపు సందున కాగితము నుంచి మూసి లాగిచూడుడు. అది సులభముగా వచ్చినచో రబ్బరు పట్టీ సడలినట్లే. చలువ వృథాగా పోవుచున్నదన్నమాట. ఫ్రీజరులో మంచు దట్టముగా పేరుకొన్నను ఖర్చు పెరుగును. విద్యుత్తు ఆపి దానిని కరుగనీయవలెనే గాని కత్తితో గీకరాదు.

విద్యుత్తు పోయినపుడు తలుపు తెఱవకున్నచో ఫ్రిజ్జులో సుమారు 4 గంటలు, నిండుగా నున్న ఫ్రీజరులో సుమారు 48 గంటలు చలువ నిలుచును. ఫ్రీజరు సగమే నిండియున్నచో 24 గంటలు.

కడపట నొక మాట. మిగిలినదానిని పాఱవేయుటకు మనసొప్పక, బిడ్డలకు పెట్టుటకు భయపడి, తానే తినివేయు గృహిణులు మనలో నెందఱో గలరు. రోగము కలిగించు క్రిములున్న ఆహారము వాసనకును, రుచికిని తెలియకుండవచ్చును. బిడ్డలకు తగదని తోచినది తల్లికిని తగదు. పొదుపు చేయవలసినది వండునపుడు, కొలతలో. తన యారోగ్యముతో గాదు.