ఏ వర్సిటీ మంచిది? నల్ల తామరపురుగునడగండి!

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. చేతిలో మంచి ఓజీపీఏ. పైచదువుకు విదేశం వెళ్లాలని ఆశ. ఇంతవరకూ అందరి కథా ఒకటే. ఆ తర్వాతే అసలు చిక్కు... ఏ దేశం? ఏ విశ్వవిద్యాలయం?

గుంటూరు వైపు ఓ మిర్చి రైతు ఇల్లు అనుకుందాం. రాత్రి భోజనాలయ్యాయి. మంచం మీద కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన రంగురంగుల కరపత్రాలు పరిచి ఉన్నాయి.

'ప్రపంచంలోనే నంబర్ వన్ అటమ్మా, హాలెండ్‌లో ఉందట. చేరితే అందులోనే చేరు' అంటాడు తండ్రి.

'అమెరికా అయితే మనవాళ్లుంటారు. డల్లాస్‌లో అత్తయ్య ఉందిగా' అంటుంది తల్లి.

'ముందు ఫీజు తక్కువ ఎక్కడో చూడండి బావా' అన్నది మేనమామ మాట.

అమ్మాయి మాత్రం సెల్‌ఫోన్లో ఓ ఫొటో చూస్తోంది. మిరప పువ్వులో నల్లటి నలుసుల్లా పురుగులు. 2021-22లో తను ఇంటర్ చదువుతుండగా వాళ్ల తోటను దున్నించేసింది ఆ పురుగులే. తండ్రి, తల్లి, మేనమామ... ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. కానీ వెతకడం మొదలుపెట్టాల్సింది మాత్రం ఆ ఫొటో దగ్గర్నుంచే.

మిర్చి పేరు చూసి వెళితే...

ఆ పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. రైతులు నల్ల తామరపురుగు అంటారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. 2021లో తెలుగు రాష్ట్రాల మిర్చి తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఎన్ని మందులు కొట్టినా లొంగక ఆ ఏడాది ఎంతోమంది పైరు పీకేశారు.

దీని మీదే చదవాలంటే ఎక్కడికి వెళ్లాలి? మిర్చి అనగానే అమెరికాలో ఠక్కున వినిపించే పేరు న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ. లాస్ క్రూసెస్ అనే ఊళ్లో ఉంది. వందేళ్లకు పైగా అక్కడ మిరప రకాలను రూపొందిస్తున్నారు. 1992 నుంచి అచ్చంగా మిర్చి కోసమే ఓ సంస్థ కూడా నడుస్తోంది. మన ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా మిరప ప్రపంచంలోకెల్లా ఘాటైనదని పరీక్షించి గిన్నిస్ దాకా తీసుకెళ్లింది వాళ్లే. కొత్త వంగడాలు, ఘాటు, రంగు... వీటి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ అది ఎడారి నేల. అక్కడి రైతును బాధించేవి ఎండుతెగులు, దీపపు పురుగు మోసుకొచ్చే వైరస్. గుంటూరు అమ్మాయి వెతుకుతున్నది అది కాదు.

ఇదే నల్ల తామరపురుగు 2020లో ఫ్లోరిడాలో బయటపడింది. అక్కడి నర్సరీల్లో పూలమొక్కలను, మిరప జాతి కూరగాయలను పట్టుకుంది. దాంతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కీటక శాస్త్రవేత్తలు దాని వెంట పడ్డారు. అంటే గుంటూరు కష్టం అక్కడి ప్రొఫెసర్‌కు చెప్పకుండానే అర్థమవుతుంది!

మరి నాన్న చెప్పిన నంబర్ వన్? అది నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్. 1876లో వ్యవసాయ పాఠశాలగా పుట్టింది. క్యూఎస్ ర్యాంకుల్లో వ్యవసాయ విభాగంలో ఏళ్ల తరబడి మొదటి స్థానం దానిదే. ఆ పేరు ఊరికే రాలేదు. ఇదే నల్ల తామరపురుగును తట్టుకునే మిరప రకాల కోసం జల్లెడ పట్టిన పరిశోధన అక్కణ్నుంచి 2011లోనే వెలువడింది. అప్పటికి మన పొలాల్లో ఆ పురుగు జాడే లేదు. తండ్రి మాట తప్పు కాదు. అయితే అది సరైన చోటు కావడానికి కారణం ర్యాంకు కాదు. పురుగు చేత తినిపించుకోని మిరపను తయారుచేయాలనుకుంటే వాగెనింగెన్, పురుగు బతుకంతా చదివి దాన్ని అదుపు చేయాలనుకుంటే ఫ్లోరిడా.

ఎవరి పొలం వాళ్లది

అమెరికా వర్సిటీలను ఇలా పంటను బట్టి చూడటానికి చరిత్రలోనే ఓ కారణముంది. 1862లో అబ్రహాం లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం చేశారు. కేంద్రం రాష్ట్రాలకు భూములిచ్చింది. అవి అమ్మిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు వెలిశాయి. ల్యాండ్ గ్రాంట్ వర్సిటీలన్న పేరు అలా వచ్చింది. 1887లో వాటికి ప్రయోగ క్షేత్రాలు, 1914లో రైతు దగ్గరికి వెళ్లి చెప్పే విస్తరణ విభాగం తోడయ్యాయి. సొంత రాష్ట్రం రైతుకు జవాబు చెప్పుకోవాల్సిన చదువులవి. అందుకే కాన్సస్ స్టేట్‌లో గోధుమ, జొన్న... డేవిస్‌లో ద్రాక్ష, బాదం, టమాటా... ఫ్లోరిడాలో నారింజ.

ఆ నారింజ కథ నల్గొండ, అనంతపురం బత్తాయి రైతుల పిల్లలు తప్పక తెలుసుకోవాలి. 2003-04లో ఫ్లోరిడా 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది. 2005లో గ్రీనింగ్ తెగులు కనిపించింది. 2022-23కి దిగుబడి 2 కోట్ల పెట్టెలు కూడా లేదు! చెట్టు కళ్లముందే పచ్చబారి చచ్చిపోతుంటే అక్కడి శాస్త్రవేత్తలు చేయని ప్రయత్నం లేదు. గ్రీనింగ్ మన తోటల్లోనూ ఉంది. ఓ పంట కుప్పకూలిన చోట చదువు ఎలా సాగుతుందో ఏ ర్యాంకుల పట్టికా చెప్పదు.

మనకూ ఈ పద్ధతి కొత్తేం కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చేయూతనిచ్చింది కాన్సస్ స్టేటే. లాంలోనో జయశంకర్ వర్సిటీలోనో చదివిన పిల్లలకు అక్కడి బోధన మరీ వింతగా అనిపించకపోవడానికి అదీ ఓ కారణం.

బొప్పాయి బతకని చోట...

ఇంతా చెప్పాక ఓ మెలిక. పంట ఉన్నచోటే చదువుంటుందని కూడా అనుకోకూడదు. రింగ్ స్పాట్ వైరస్ హవాయి దీవుల బొప్పాయిని తుడిచిపెడుతున్న రోజుల్లో దానికి తట్టుకునే రెయిన్‌బో రకం తయారీని నడిపించింది న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ ప్రొఫెసర్ డెన్నిస్ గోన్సాల్వెజ్. 1998లో అది రైతుల చేతికొచ్చింది. కార్నెల్ చలికి ఆరుబయట బొప్పాయి మొక్క ఒక్క శీతాకాలం కూడా బతకదు! హవాయిలో పుట్టి పెరిగిన ఆయనకు ఆ పంట మీద ఉన్న మమకారమే ఆ పని చేయించింది.

గురుదేవ్ ఖుష్ సంగతీ అంతే. డేవిస్‌లో 1960లో పీహెచ్‌డీ చేసింది రై అనే ధాన్యం మీద. తర్వాత కొన్నేళ్లు టమాటా. ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థకు వెళ్లింది 1967లో. ఐఆర్ 36, ఐఆర్ 64 లాంటి వరి రకాలు ఆ చేతుల మీదుగా వచ్చినవే. స్వామినాథన్‌ను తీసుకున్నా... ఐపీఎస్‌కు ఎంపికై కూడా వద్దనుకుని, 1949లో వాగెనింగెన్ వెళ్లి బంగాళాదుంపను పట్టిన నులిపురుగుల మీద పనిచేశారు. అక్కణ్నుంచి కేంబ్రిడ్జి, విస్కాన్సిన్. బంగాళాదుంప మీద నేర్చిన జన్యుశాస్త్రం గోధుమ దగ్గర అక్కరకొచ్చింది.

కాబట్టి ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు సమస్యను చూసుకోవాలి, పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు గురువును చూసుకోవాలి. రెండూ ఒకేచోట దొరికితే అదృష్టమే.

పొలం తాకట్టు పెట్టేముందు

మేనమామ ప్రశ్నకు వద్దాం. వాగెనింగెన్‌లో ఎమ్మెస్సీ రెండేళ్లు. బయటి దేశాల వాళ్లకు ఫీజు ఏడాదికి 20 వేల యూరోలకు పైనే. ఇల్లు, తిండి కాకుండానే 40 లక్షల రూపాయలు! స్కాలర్‌షిప్‌లు కొద్దిమందికే.

జర్మనీ దారి వేరు. గొట్టింగెన్‌లో ట్యూషన్ ఫీజే లేదు. స్టుట్‌గార్ట్ దగ్గర హోహెన్‌హైమ్‌లో సెమిస్టర్‌కు 1,500 యూరోలు. 1816లో ఎండలేని వేసవి వచ్చి, పంటలు పోయి జనం ఆకలితో అల్లాడాక 1818లో అక్కడి రాజు పెట్టించిన బడి అది. ఉష్ణమండల వ్యవసాయం మీద ఇంగ్లిషులోనే ఎమ్మెస్సీ ఉంది. కాకపోతే వీసాకు ఏడాది ఖర్చు ముందే బ్యాంకులో చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు.

అమెరికాలో ఎమ్మెస్ రెండు రకాలు. థీసిస్ ఉన్నది, లేనిది. థీసిస్ లేనిదానికి సాధారణంగా ఫీజంతా మనమే కట్టుకోవాలి. థీసిస్ ఉన్నదానికి ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు డబ్బుంటే వారానికి 20 గంటల పనికి ఫీజు మాఫీ, నెలనెలా భత్యం దొరకొచ్చు. 'సీటొచ్చింది' అని మిఠాయిలు పంచేముందు ఏ రకం సీటో చూసుకోవాలి. ఆ ప్రాజెక్టు డబ్బు ఎవరిదో, ఎంతకాలమో అడగడం కూడా తప్పు కాదు. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసినప్పుడు దాని నిధులతో వర్సిటీల్లో నడిచే పంటల ప్రయోగశాలలు కొన్ని ఆగిపోయాయి. చదువయ్యాక ఉద్యోగం చేసి అప్పు తీర్చేద్దామన్న లెక్కా ఇప్పుడు అంత ధీమాగా వేసుకోలేం. అదే ఏడాది సెప్టెంబర్‌లో బయటి నుంచి వచ్చేవాళ్ల కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి మన పల్లెల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఎస్సీలతో పాటు భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు కూడా అది వర్తిస్తుంది. తెలంగాణలోనైతే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం ఉంది.

తిరిగొస్తే...?

ఇది ఎవరూ ముందు అడగరు. వచ్చాక అడుగుతారు. ఐసీఏఆర్ శాస్త్రవేత్త పోస్టులకు పరీక్ష రాయాలంటే ఆయా విభాగంలోనే పీజీ ఉండాలి. కీటకశాస్త్రానికి కీటకశాస్త్రం, ఉద్యానానికి ఉద్యానం. పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అటూ ఇటూ కాని డిగ్రీతో వస్తే ఇక్కడ ఏ గడిలోనూ ఇమడదు. విదేశీ డిగ్రీలకు సమానత్వం ఇచ్చే విషయంలో యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిని చేరేముందే చదువుకుంటే మంచిది. ప్రైవేటు విత్తన కంపెనీలో చేరాలనో, సొంతంగా నర్సరీ పెట్టాలనో అనుకునేవాళ్లకు ఈ బెంగ లేదు.

ప్రొఫెసర్లకు మెయిల్ రాయడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 'డియర్ సర్ ఆర్ మేడమ్' అంటూ ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపిస్తారు. ఆ సర్ ఎవరో, ఏం పరిశోధిస్తున్నారో చూడరు. ఆ పెద్దాయన బత్తాయి మీద పనిచేస్తుంటే ఈ పిల్లాడు వరి గురించి రాస్తాడు! అలాంటి ఉత్తరానికి జవాబెందుకొస్తుంది? వాళ్ల పరిశోధన పత్రాలు రెండు చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయం అడిగి, మన ఊళ్లో మన కళ్లతో చూసింది నాలుగు వాక్యాలు రాస్తే చాలు. చివరి ఏడాది పల్లెల్లో ఉండి చేసే రావె కార్యక్రమంలో రాసుకున్న నోట్సు ఇక్కడ పనికొస్తుంది.

ఆగస్టులో చేరడానికి అమెరికాలో చాలా వర్సిటీల దరఖాస్తు గడువు డిసెంబర్, జనవరిల్లో ముగుస్తుంది. మెయిళ్లు అక్టోబర్, నవంబర్లకే వెళ్లాలి. గుంటూరు తోటల్లో మిరప పూతకు వచ్చే రోజులవి. పొద్దున్నే చేలోకి వెళ్లి పూలు దులిపి, తెల్లకాగితం మీద పడ్డ పురుగులను లెక్కపెట్టి, సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోవచ్చు. ఫ్లోరిడాకు రాసే ఉత్తరానికి జత చేయడానికి.